చూసినంత మాత్రాన

అత్తయ్యకు ఎడమ కన్ను ఎప్పుడో పోయింది. మిగిలింది కుడికన్ను ఒక్కటే. దానికీ ఈమధ్య నడిమధ్యన ఒక మసక చేరింది. మనిషి ఎదురుగా నిలబడితే చెవులు కనిపిస్తాయి, ముక్కు కనిపించదు. కూరలో ఉప్పు తక్కువైతే ఎవరి ముఖం చూసి కసురుకోవాలో తెలియడం లేదని ఆవిడ బాధ. పొద్దున లేవగానే కాఫీ కూడా అడక్కుండా ముందు కిటికీ కడ్డీలు చూసుకుంటుంది. కడ్డీలు తిన్నగా కనిపిస్తే ఆ పూటకు కన్ను నిలబడ్డట్టే. వంకర తిరిగితే లోపల మళ్ళీ నీరు చేరినట్టు. కంట్లోకి సూదిమందు ఎక్కిస్తే మసక అక్కడితో ఆగుతుంది. ఎక్కించకపోతే పెరుగుతుంది. పెరిగింది మళ్ళీ తగ్గదని డాక్టరు ముందే చెప్పి పెట్టాడు.

ఆ డాక్టరు ఈ ఆసుపత్రికి నెలకొకసారి వస్తాడు. పొద్దువాలకముందే సామాను సర్దుకుని ఇంకో ఊరు వెళ్ళిపోతాడు. మొన్నటి నుంచి కడ్డీలు వంకరగా ఉన్నాయి. ఇవాళ సూది పడకపోతే మళ్ళీ వచ్చే నెలే. అప్పటికి ఆ కంట్లో ఏం మిగులుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు. అందుకని కోడలు ఆఫీసుకు సెలవు పెట్టి, అత్తయ్య చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి హాల్లో కూర్చోబెట్టింది. గుమ్మం దగ్గరి యంత్రం మీట నొక్కితే చీటీ వచ్చింది. ముప్ఫై అయిదు.

హాల్లో ఇనపకుర్చీలన్నీ ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉన్నాయి. చివర కూర్చున్నవాడు కాలు ఊపితే వరస వరసంతా ఊగుతుంది. ఎదురుగా గోడమీద తెర. దానిమీద నంబరు మారినప్పుడల్లా టింగుమని చప్పుడు. తెర పక్కన డాక్టరు గది తలుపు, తలుపు దగ్గర స్టూలు మీద ఒక మనిషి. పూర్వం అక్కడ పరిచయస్తులను ముందు పంపుతున్నారని గొడవలు జరిగి, ఒకసారి అద్దాలు కూడా పగిలాయట. అప్పటినుంచి తలుపుకు తాళం యంత్రానిది. తెర పిలిచిన చీటీ చూపిస్తేనే తెరుచుకుంటుంది. తర్వాతి నంబరు పిలిచేదాకానే ఆ చీటీకి విలువ. స్టూలు మీది మనిషి పని చీటీ అందుకుని యంత్రానికి చూపించడం, అది ఏమంటే అది చెప్పడం.

కోడలికి లోలోపల చిన్న మురిపెం ఉంది. ఆ తెరమీద నడిచే ప్రోగ్రాము వాళ్ళ ఆఫీసుది. అందులోనూ ఇవాళ పొద్దున్నుంచి నడుస్తున్నది కొత్తది, తన చెయ్యి పడింది. ఉండబట్టలేక అత్తయ్య చెవిలో ఆ మాట వేసింది.

అత్తయ్య మసకలోంచి తెర వెలుగు వైపు తల తిప్పింది. "బాగుందే అమ్మాయ్. మరి మన నంబరు కాస్త ముందుకు జరుపుకోలేకపోయావా?"

పక్క కుర్చీలో ముసలాయన కిసుక్కుమన్నాడు. బయట చినుకు లేదు, అయినా ఒళ్ళో గొడుగు పెట్టుకున్నాడు. కంట్లో చుక్కలు వేశాక ఎండ సూదుల్లా పొడుస్తుందట, అందుకని. ఆయనది ముప్ఫై ఏడు.

టింగుమన్నప్పుడల్లా అత్తయ్య ఎంత అని అడిగేది, కోడలు చెప్పేది. ఇరవై ఎనిమిది. ముప్ఫై. ముప్ఫై రెండు. చకచకా కదులుతోందని ఇద్దరూ సంతోషపడ్డారు. ముప్ఫై నాలుగు రాగానే అత్తయ్య చెప్పుల్లో కాళ్ళు దూర్చి, కొంగు సర్దుకుని, కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది.

టింగ్.

"మనదేనా?"

"కాదత్తయ్యా. ముప్ఫై ఆరు."

"ముప్ఫై నాలుగు తర్వాత ముప్ఫై ఆరేమిటే? నాకు కన్ను పోయింది గానీ లెక్క పోలేదుగా."

కోడలు చీటీ పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది. స్టూలు మీది మనిషి చీటీ తీసుకుని యంత్రానికి చూపించాడు. ఎర్రదీపం వెలిగింది. మిమ్మల్ని పిలిచారు, మీరు రాలేదు అంటోందమ్మా, అన్నాడు. పిలవలేదని ఆమె, పిలిచినట్టు రాసుందని ఆయన. కౌంటరు దగ్గరి అమ్మాయిని అడిగితే, పొద్దున్నుంచీ అందరూ ఇదే మాటండీ, ఫోన్లలో తలదూర్చి కూర్చుంటే నంబరు ఎలా కనిపిస్తుంది అని మెత్తగానే చురక పెట్టింది. దాటిపోయినవాళ్ళు కొత్త చీటీ తీసుకుని వరస చివర కూర్చోవాలి. అదే పద్ధతి.

తిరిగొచ్చి కూర్చుని కోడలు తెరమీంచి కళ్ళు తిప్పలేదు. ముప్ఫై ఎనిమిది. నలభై. గొడుగాయన లేచి తలుపు దాకా వెళ్ళి, తల వేలాడేసుకుని తిరిగొచ్చాడు. హాల్లో అక్కడా ఇక్కడా ఇంకొంతమంది చీటీలు తిప్పి తిప్పి చూసుకుంటున్నారు. వాళ్ళల్లో ఎవరి చీటీ మీద చూపు పడినా అది బేసి నంబరే.

అప్పుడు ఆమెకు తెలిసింది. 

ఆ ప్రోగ్రాము రాసిన జావాస్క్రిప్టు భాషలో సరుకంతా డబ్బాలో డబ్బా, అందులో ఇంకో డబ్బాగా ఉంటుంది. ఆసుపత్రి అనే డబ్బాలో గది, గదిలో తర్వాతి మనిషి, ఆ మనిషిలో నంబరు. బయటి డబ్బాలో ఏమీ లేనప్పుడు లోపలిది తెరవబోతే ప్రోగ్రాము అక్కడికక్కడే బోర్లా పడుతుంది. తెర తెల్లముఖం వేస్తుంది. అలా పడకుండా వాళ్ళ ఆఫీసులో ఒక సాయం ఫంక్షన్ రాసి పెట్టుకున్నారు. అది ప్రతి డబ్బా దగ్గరా ఆగి, ఉందా అని చూసి, ఉంటే లోపలికి పోయేది, లేకపోతే గొడవ చెయ్యకుండా వెనక్కి వచ్చేది. బుద్ధిమంతురాలే గానీ నిదానం. గోడమీది పాత తెరలు దాని నడకకు ఆయాసపడేవి.

కోడలు దానికి మందు కనిపెట్టింది. ప్రోగ్రాము తెరదాకా పోకముందే, ఆఫీసులో కంపైల్ అయ్యేటప్పుడే, అంటే తెర నడపగల రూపంలోకి మారేటప్పుడే, ఆ సాయాన్ని పిలిచిన ప్రతిచోటా దాన్ని పీకేసి, అది వేసే ప్రశ్నలనే వరసగా అక్కడ పరిచేసే పరికరం రాసింది. గది ఉందా? ఉంటే గదిలో తర్వాతి మనిషి ఉన్నాడా? ఉంటే గదిలో తర్వాతి మనిషి నంబరు చూపించు. మధ్యలో ఎవరినీ పిలిచే పని లేదు, తెర పరుగందుకుంది. మొదట్లో ఆ పరికరం ఒక్కో డబ్బానీ తెరవగానే దాన్ని చేతిలో పట్టుకుని, తర్వాతి ప్రశ్న ఆ చేతిలోదాన్నే అడిగేది. అలా పట్టుకోవడానికి ప్రతిచోటా ఒక పేరు పెట్టాలి. వేలచోట్ల వేల పేర్లు, ఫైలు బరువెక్కింది. చదివిందే మళ్ళీ చదివితే ఏం తరిగిపోతుందిలే అని ఆ పేర్లన్నీ తీసేసింది. ఆఫీసులో ఆమెకు పొదుపమ్మ అని పేరు ఊరికే రాలేదు.

కానీ వరసను నడిపే క్యూ భాగం రాసింది వాళ్ళ ఆఫీసులోని మాస్టారు. వయసులో పెద్దవాడు, ఏది అడిగినా పాఠంలా చెబుతాడు కనక ఆ పేరు. తర్వాతి మనిషి అన్న డబ్బాను ఆయన ఊరికే చూసే డబ్బాలా చెయ్యలేదు. దాన్ని చదివితే చాలు, వరసలో ముందున్న నంబరును బయటికి లాగి, పిలిచాం అని గుర్తు వేసేస్తుంది. ఒకే నంబరు ఇద్దరికి చూపించకుండా ఆయన తీసుకున్న జాగ్రత్త అది. ఇప్పుడు కోడలి ప్రోగ్రాము ఉన్నాడా అని చూసినప్పుడు ఒకణ్ణి లాగుతోంది. చూపించు అన్నప్పుడు ఇంకొకణ్ణి లాగుతోంది. తెరమీదికి వచ్చేది రెండోవాడు. మొదటివాడు చూసినంత మాత్రాన పోతున్నాడు. పరీక్షలప్పుడు వాళ్ళు పెట్టుకున్నది ఉత్తుత్తి నంబర్ల మామూలు డబ్బా. అది ఎన్నిసార్లు చదివినా తరగదు కాబట్టి ఎవరికీ ఏమీ కనపడలేదు.

అత్తయ్య మోచేత్తో పొడిచింది, ఏమైందే నోరు పడిపోయిందా అని. కోడలు తనకు వచ్చినట్టు చెప్పింది. కుండలో పాలున్నాయో లేదో చూద్దామని ఒక గరిటె తీశాను అత్తయ్యా, ఉన్నాయి. ఆ గరిటె పారబోసి, ఇంకో గరిటె తీసి గ్లాసులో పోశాను. ప్రతిసారీ అంతే.

 "అయితే నేను పారబోసిన గరిటెలో ఉన్నానన్నమాట," అంది అత్తయ్య.

కోడలు మళ్ళీ స్టూలు మనిషి దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ తెర ప్రోగ్రాము రాసింది తానేనని, తప్పు తనదేనని కూడా చెప్పింది. ఆయన ఆమెను ఎగాదిగా చూసి, అయితే మీరే బాగుచెయ్యండమ్మా, ఈ తాళం నా మాట ఎన్నడు విన్నది గనక అన్నాడు. ఎగతాళికి కాదు. ఒకసారి జాలిపడి ఎవరికో తలుపు తెరిచి పట్టుకున్నందుకు ఆయన ఉద్యోగం ఊడినంత పనయిందట.

ఇక పద్ధతి ప్రకారమే పోదామని ఆమె చీటీల యంత్రం మీట నొక్కింది. అరవై ఒకటి వచ్చింది. బేసి. అది చూపులో పోయే చీటీ. మళ్ళీ నొక్కింది, అరవై రెండు. గుండె కుదుటపడింది. అరవై ఒకటిని యంత్రం మీదే వదిలేసి రెండడుగులు వేసిందో లేదో, వెనక గొడుగాయన వచ్చి దాన్ని చూశాడు. మీరు వదిలేసిందేనా తల్లీ, నేను తీసుకోవచ్చునా అన్నాడు. నిజం ఆమె నోటిదాకా వచ్చింది. అది పనికిరాదండీ, ఇంకొకటి తీసుకోండి అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే హాలంతా ఆ మీట మీద పడుతుంది. తలుపు దగ్గర ఒకసారి పగిలిన అద్దాలు గుర్తొచ్చాయి. తీసుకోండి, అంది.

కుర్చీలో కూర్చున్నాక గొడుగాయన చేతిలోని చీటీ వైపు రెండుసార్లు చూసింది. తన చేతిలో మంచి చీటీ ఉంది. కనీసం మిగతావాళ్ళ సంగతి చూడాలి కదా అని ఫోను తీసి మాస్టారికి చేసింది. ఆ ఫోను చెయ్యకపోయి ఉంటే బాగుండేదేమో, ఆ క్షణాన ఎవరికి తెలుసు.

అలా జరగడానికి వీల్లేదమ్మా, అన్నాడు మాస్టారు. పరీక్షలన్నీ నెగ్గి పచ్చగా ఉన్నాయి, నేనే దగ్గరుండి చూశాను. అత్తయ్యకు అవసరమై నీకు కంగారు పుట్టింది. సరే ఉండు, నీ తృప్తి కోసం ఆ గది వరస ఇక్కణ్ణుంచే చూస్తాను. అవతల కీబోర్డు టకటకలాడింది. ఇప్పుడు మీ తెరమీద ఎంతుంది అని అడిగాడు. యాభై అంది.

"ఇదిగో, తర్వాతి మనిషి యాభై ఒకటి అంటోంది. యాభై తర్వాత యాభై ఒకటే కదమ్మా రావాలి? వరస బంగారంలా ఉంది. నువ్వు ప్రశాంతంగా అత్తగారిని చూసుకో." ఫోను పెట్టేశాడు.

ఆయన పెట్టేశాక గానీ ఆమెకు వెలగలేదు. ఆయన దాన్ని చదివాడు. చదివితే పోతుంది. యాభై ఒకటి ఆయన బల్లమీద పోయింది.

టింగ్. యాభై మూడు.

హాల్లో ఎక్కడో ఒకావిడ అమ్మయ్య అంటూ లేచింది. కోడలి చేతిలో చీటీ తడిసి మెత్తబడింది. తర్వాత యాభై అయిదు. సరి సంఖ్యలు పోతున్నాయి, బేసివి వస్తున్నాయి. అరవై రెండు పోయేవాటిలోకి వచ్చి పడింది.

మళ్ళీ ఫోను చేసింది. ఈసారి మాటలు పేర్చుకోలేదు. "మాస్టారూ, మీరు చూశారు కదా. చూస్తే ఒకటి పోయింది."

 క్యూ రాసింది ఆయనే కనక ఆయనకు ఇంక విడమరిచి చెప్పాల్సిన పని లేదు. నిజమేనమ్మా, నేనే లాగేశాను, అన్నాడు. గొంతులో పాఠం లేదు.

ఏం అడగబోతోందో ఆమెకు తెలుసు. ఆయన ఇంకొక్కసారి చూస్తే లెక్క మళ్ళీ సరివైపు తిరుగుతుంది, అరవై రెండు తెరమీదికి వస్తుంది. ఆ ఒక్క చూపుకు ఈ హాల్లో కూర్చున్న ఎవరో ఒకరు పోతారు. అరవై ఒకటి పట్టుకున్న గొడుగాయనా పోతాడు. ఆయన గొడుగు పిడి మీద గడ్డం ఆనించి తెరవైపు చూస్తున్నాడు. పక్కన అత్తయ్య, అంకె కనిపించకపోయినా, కళ్ళు చికిలించి అదే తెరను చూస్తోంది.

"ఇంకొక్కసారి చూడండి," అంది కోడలు.

ఆయన చూశాడు. యాభై ఆరు, అన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకునేలోపే ఫోనులో ఆఫీసునుంచే ఇంకో గొంతు వినిపించింది. మేనేజరు. ఏమిటయ్యా ఆ హడావుడి, ఏదీ నన్ను చూడనీ అంటున్నాడు. వద్దు సార్ వద్దు సార్ అని మాస్టారు అంటూనే ఉన్నాడు, కీబోర్డు టక్కుమంది. యాభై ఏడని చూపిస్తోందే, బానే ఉందిగా అన్నాడు మేనేజరు.

టింగ్. యాభై తొమ్మిది.

మళ్ళీ బేసి. మొదటికే వచ్చింది, మధ్యలో ఇద్దరు పోవడం తప్ప. ఇంకొక్కసారి అని ఆమె అడగలేదు. అడిగినా లాభం లేదు. ఈలోపు సంగతి మేనేజరు చెవికెక్కింది. ఇక ఎవరూ ఆ వరసను ఆఫీసు నుంచి ముట్టుకోకుండా తాళం వేయించాడు. పాత ప్రోగ్రాముకు వెనక్కి తిప్పేద్దామంటే అన్ని ఆసుపత్రుల్లోనూ ఇవాళ్టి వరసలు చెరిగిపోతాయట. అందరి పని అయ్యాకే మారుస్తారట. ఏం చెయ్యనమ్మా అన్నాడు మాస్టారు. ఏమీ చెయ్యలేరండీ అంది కోడలు. 

అరవై ఒకటి వచ్చింది. గొడుగాయన లేచి, ఆమె ముందు ఆగి, నువ్వు వదిలేసిన చీటీ నాకు కలిసొచ్చింది తల్లీ, నీ కడుపు చల్లగా ఉండాలి అన్నాడు. తలుపు పచ్చదీపం వెలిగించుకుని ఆయన్ని లోపలికి తీసుకుంది.

"అరవై ఒకటా? ఇక మనదే," అంది అత్తయ్య, చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ.

 గొడుగాయన బయటికి వచ్చాడు. టింగ్. అరవై మూడు.

అత్తయ్య ఎంత అని అడిగింది. కోడలు చెప్పింది. అత్తయ్య కోడలి కోసం చాచిన చెయ్యి మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది. చెప్పులు మాత్రం విడవలేదు.

చీటీల యంత్రం అరవై మూడుతో ఎప్పుడో కట్టేశారు. ఆ మనిషి కూడా వెళ్ళిపోయాక లోపల డాక్టరు తర్వాతివాళ్ళను పిలిచే మీట ఇంకోసారి నొక్కాడు. కోడలి ప్రోగ్రాము తర్వాతి మనిషి ఉన్నాడా అని చూసింది, లేడు. గొడవ చెయ్యకుండా వెనక్కి వచ్చింది. తెర బోర్లా పడలేదు, తెల్లముఖం వెయ్యలేదు. ఇవాళ్టికి అందరూ అయిపోయారు అని చక్కటి అక్షరాలతో చూపించింది. ఆమె దేనికోసం రాసిందో అది అచ్చం అలాగే పనిచేసింది.

డాక్టరు సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. కోడలు ఎదురు వెళ్ళి చేతులు జోడించింది. స్టూలు మనిషి తనవంతు సాయంగా రెండు చీటీలూ యంత్రానికి చూపించాడు. రెండుసార్లూ ఎర్రదీపమే. డాక్టరు చెడ్డవాడు కాదు. ఆగాడు, అత్తయ్య కనురెప్ప వేలితో పైకెత్తి ఫోను దీపంతో చూశాడు, పెదవి విరిచాడు. సూదిమందు చల్లటి పెట్టెలో సర్దేశారని, గదికి తాళం పడిందని, నర్సు కారెక్కిందని, అవతల ఊళ్ళో ఇంతమందీ కూర్చుని ఉంటారని చెప్పాడు.

"రెండుసార్లు పిలిచారటగా అమ్మా. కాస్త చూసుకోవద్దూ?"

కోడలు నోరు తెరిచింది. గది, తర్వాతి మనిషి, చూడటం, లాగడం అన్నీ నాలుక చివర ఉన్నాయి. ఏ కొస పట్టుకుని లాగినా అది డాక్టరు కారు ఎక్కేలోపు తెమిలే కథ కాదు. చూసుకుంటామండీ, అంది. వచ్చే నెల మొదటి చీటీ మీరే తీసుకోండి అని చెప్పి ఆయన వెళ్ళిపోయాడు.

బయటికి వస్తుంటే అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకోలేదు. గోడ పట్టుకుని నడిచింది. కోపమేమో అని కోడలు ఒక అడుగు వెనకే నడిచింది. ఆసుపత్రి గేటు దాకా వచ్చాక అత్తయ్య ఆగింది. నిలువెత్తు ఇనపగేటు, నిలువు కడ్డీలు. ఆవిడ దానికి ఎదురుగా నిలబడి, పోయిన కంటిని అలవాటు కొద్దీ అరచేత్తో మూసుకుని, ఉన్న కంటితో చూసింది. చాలాసేపు చూసింది. చూడొద్దు అత్తయ్యా అనాలనిపించింది కోడలికి. చూస్తే ఏమవుతుందని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

"ఈ కడ్డీలు ఎలా ఉన్నాయే?"

"తిన్నగానే ఉన్నాయి అత్తయ్యా."

"ఒక్కటీ వంగలేదూ?"

"లేదు."

అత్తయ్య చెయ్యి దించింది. ముందుకు చాచి ఒక కడ్డీ పట్టుకుని, పైనుంచి కిందికి ఒకసారి తడిమి చూసుకుంది. "నిజమే, తిన్నగానే ఉంది," అంది. ఆ చెయ్యి అలాగే గాల్లోకి చాపి, కోడలి భుజం కోసం వెతికింది.